అద్దంలో పడని మొదటి సెక్టారు

మచిలీపట్నం (బందరు) రేవు నుంచి లండన్ వెళ్లే కబురు ఒక్క ఓడను నమ్ముకుని బయల్దేరేది కాదు. 1605లో డచ్చివాళ్లు, 1611లో గ్లోబ్ అనే ఓడ మీద వచ్చిన ఇంగ్లీషువాళ్లు బందరులో వర్తక స్థావరాలు పెట్టారు. అద్దకం బట్టల లెక్కలు, ధరవరలు, గోలకొండ అధికారులతో వచ్చిన పేచీలు, అన్నీ కాగితం మీదే సముద్రం దాటాలి. ఓడ తుపానులో మునగవచ్చు, శత్రువుల చేతికి చిక్కవచ్చు. అందుకని కంపెనీ గుమాస్తాలు ఒకే ఉత్తరానికి రెండు మూడు నకళ్లు రాసి వేర్వేరు ఓడల్లో వేయడం అలవాటు చేసుకున్నారు.

కాగితపు నకలుకు ఒక సుగుణం ఉంది. మొదటి ప్రతి సముద్రం పాలైనా, రెండోది చేరిననాడు సీలు విప్పి చదువుకుంటే పని నడుస్తుంది. కంప్యూటరు డిస్కుల దగ్గరికి వచ్చేసరికి ఈ సుగుణం పోయింది. లినక్స్‌లో రెండు డిస్కులను జతకట్టి, ఒకదానిలో రాసిన ప్రతి అక్షరమూ రెండోదానిలో కూడా పడేలా చేయడం పాతికేళ్లకు పైబడిన పద్ధతి. దాన్ని సాఫ్ట్‌వేర్ రైడ్ మిర్రర్ అంటారు. అయినా మొదటి డిస్కు పోయిన రోజున, రెండోదానిలో డేటా చెక్కుచెదరకుండా ఉన్నా, సర్వరు నల్లటి తెర మీద మిణుకుమిణుకుమనే గీత దగ్గరే ఆగిపోయిన సందర్భాలు కోకొల్లలు. డేటాకు నకలు ఉంది, యంత్రాన్ని లేపే చిన్న ప్రోగ్రాముకు నకలు లేదు. ఈ లోటు ఎలా పుట్టింది, దాన్ని పూడ్చడానికి ఎవరెవరు ఎన్ని దారులు తొక్కారు అన్నది కంప్యూటర్ల చరిత్రలో పెద్దగా ఎవరూ చెప్పని కథ. కృష్ణా డెల్టా దిగువన ఉండేవాళ్లకు ఇది మరీ అక్కరైన కథ.

ఎందుకంటే ఇక్కడ రికార్డులు పోవడం అనుభవంలో ఉన్న సంగతి. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచినప్పుడు ఊళ్లోనూ చుట్టుపక్కలా కలిపి 30 వేల మంది దాకా చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలు తీసింది. ఇళ్లే కొట్టుకుపోయిన చోట పట్టాలు, ప్రోనోట్లు, దస్తావేజులు మిగలవు. అలాంటప్పుడు బాధితులకు దిక్కు వేరేచోట ఉన్న నకలే.

ఆ నకళ్ల వ్యవస్థ సబ్ రిజిస్ట్రారు కార్యాలయం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరైన ప్రతి దస్తావేజునూ కార్యాలయంలోని పుస్తకంలోకి ఎక్కించాలి. దశాబ్దాల పాటు ఆ ఎక్కింపు చేతిరాతే. గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావు సినిమాల్లోకి రాకముందు 1947లో కొద్ది రోజులు సబ్ రిజిస్ట్రారుగా పనిచేసింది ఆ చేతిరాత కాలంలోనే. అదే రామారావు ముఖ్యమంత్రిగా 1984 జనవరిలో గ్రామ కరణాల వ్యవస్థను రద్దు చేశారు. అప్పటిదాకా ఊరి భూముల లెక్కలు చాలావరకు కరణం గారి ఇంటి భోషాణంలోనే ఉండేవి, అదీ గొలుసుకట్టు రాతలో. అక్షరం నుంచి చెయ్యి ఎత్తకుండా రాసుకుపోయే ఆ రాత అలవాటు లేనివాళ్లకు కొరుకుడు పడదు. లెక్కల కవిలె ఎదురుగా ఉంటుంది, తెరిచి చూడవచ్చు, చదివే మనిషి మాత్రం దొరకాలి. రెండో డిస్కుతో వచ్చే చిక్కు కూడా సరిగ్గా ఇదే జాతిది.

1998 నవంబరు 4న ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ ‘కార్డ్’ పేరుతో 214 కార్యాలయాల్లో కంప్యూటర్లను ఒకేసారి ప్రవేశపెట్టింది. ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ ఆ పథకానికి సారథి. నకలు రాసే గుమాస్తా స్థానంలోకి స్కానరు, డిస్కు వచ్చాయి. అప్పటినుంచి ఒక ఊరి ఆస్తుల చరిత్ర ఒక ఇనుప డబ్బాలో గిరగిర తిరిగే పళ్లేల మీద ఉంటూ వచ్చింది. ఆ పళ్లేలు అరిగిపోతాయి. బందరు లాంటి ఉప్పుగాలి ఊళ్లో, కరెంటు పోతూ వస్తూ ఉండే చోట ఇంకాస్త తొందరగా అరుగుతాయి.

డిస్కులను జంటగా వాడాలన్న ఆలోచన అప్పటికి కొత్తదేమీ కాదు. అమెరికాలో టాండమ్ అనే కంపెనీ 1976 నుంచే బ్యాంకులకు, స్టాక్ ఎక్స్చేంజీలకు అమ్మిన ‘నాన్‌స్టాప్’ యంత్రాల్లో జంట డిస్కులు ఉండేవి. వాటి ధర చిన్న కార్యాలయాలకు అందేది కాదు. 1987 డిసెంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక నివేదిక రాశారు. మరుసటి ఏడు అది సిగ్‌మోడ్ సదస్సులో అచ్చయింది. ఖరీదైన ఒక పెద్ద డిస్కుకు బదులు చవకరకం చిన్న డిస్కులను గుంపుగా వాడి, వాటిలో ఒకటి చచ్చినా పని ఆగకుండా చూసుకోవచ్చన్నది వాళ్ల వాదన. ఆ గుంపుకే రైడ్ అని పేరు పెట్టి, అయిదు రకాలుగా విభజించారు. అన్నిటికన్నా సులువైన ఒకటో రకం అద్దం పద్ధతి: రెండు డిస్కులు, రెండింట్లో ఒకే సరుకు.

ఆ పరిశోధకులు డేటా గురించి ఆలోచించారు. యంత్రం లేవడం గురించి ఆలోచించాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. ఆ చిక్కుకు బీజం వేరేచోట, 1983 మార్చిలో పడింది. ఐబీఎం ఆ నెలలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో పీసీ ఎక్స్‌టీని విడుదల చేసింది. కరెంటు రాగానే ఆ యంత్రంలోని బయోస్ చేసే పని చాలా చిన్నది: మొదటి డిస్కులో మొట్టమొదటి సెక్టారును, అంటే 512 బైట్లను, జ్ఞాపకంలోకి తెచ్చుకుని దానికి పగ్గాలు అప్పగించడం. ఆ 512లో చివరి 2 బైట్లు గుర్తింపు ముద్ర. అంతకు ముందరి 64 బైట్లు డిస్కు నాలుగు ముక్కలుగా ఎలా విడిపోయిందో చెప్పే పట్టిక. మిగిలిన 446 బైట్లే ప్రోగ్రాముకు చోటు. ఈ పేరాలోని తెలుగు అక్షరాలు కూడా అందులో పట్టవు. అంత ఇరుకులో ఉన్న ప్రోగ్రాము తర్వాతి మెట్టును, అది దాని తర్వాతి మెట్టును పిలుచుకోవాలి.

ఈ మొదటి సెక్టారు ఏ పార్టిషన్‌కూ చెందదు. పార్టిషన్లన్నీ దాని తర్వాత మొదలవుతాయి. లినక్స్ మిర్రర్ సాధారణంగా జతకట్టేది పార్టిషన్లను. కాబట్టి పార్టిషన్ లోపల ఒక్క చుక్క మారినా రెండో డిస్కుకు తెలుస్తుంది, బయట ఉన్న మొదటి సెక్టారులో ఏం రాసినా తెలియదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బూట్‌లోడర్ మొదటి డిస్కు తలలోకి వెళ్తుంది, రెండో డిస్కు తల ఖాళీగా ఉండిపోతుంది. రోజూ స్థితి చూపించే ఫైల్లో రెండు డిస్కులకూ రెండు ‘యు’ అక్షరాలు పక్కపక్కన కనిపిస్తూ ఉంటాయి, అంతా బాగుందని. నిజానికి సగమే బాగుంది.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను బయటపెట్టాక, మరుసటి ఏడు వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ లిలో అనే బూట్‌లోడర్ రాశారు. 1990ల రెండో సగంలో పీసీ క్వెస్ట్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీల ద్వారా లినక్స్ నేర్చుకున్న తెలుగు కుర్రాళ్లకు లిలో బాగా గుర్తుండే పేరు. దానికి ఫైళ్లంటే ఏమిటో తెలియదు. కెర్నెల్ డిస్కులో ఏయే గడుల్లో ఉందో ఆ అంకెల జాబితా మాత్రమే దాని దగ్గర ఉండేది. కెర్నెల్ మార్చిన ప్రతిసారీ లిలోను మళ్లీ నడిపి ఆ జాబితా కొత్తగా రాయించాలి. మర్చిపోతే అంతే సంగతులు.

కానీ జబ్బు ఎక్కడుందో చెప్పడంలో లిలోకు ఒక చక్కని పద్ధతి ఉండేది. తన పేరులోని ఒక్కో అక్షరాన్నీ ఒక్కో మెట్టు ఎక్కాక తెర మీద పెట్టేది. ‘ఎల్’ ఒక్కటే కనిపించి ఆగిపోతే మొదటి మెట్టు నడిచింది, రెండోది దొరకలేదు. ‘ఎల్ ఐ’ దగ్గర ఆగితే రెండో మెట్టు జ్ఞాపకంలోకి వచ్చింది గానీ నడవలేదు. మూడో అక్షరం దగ్గర ఆగితే కెర్నెల్ చిరునామాల పట్టిక అందలేదు. నాలుగు అక్షరాలూ వస్తే గండం గడిచినట్టే. 446 బైట్లలో కుదిరిన వైద్యం అది. ఇవాళ్టి రంగుల తెరల మీద వచ్చే పొడుగాటి సందేశాల కన్నా ఆ నాలుగు అక్షరాలు ఎక్కువ నిజాయితీగా ఉండేవి.

లినక్స్‌లో డిస్కులను జతకట్టే కోడ్ దాదాపు అదే కాలంలో రూపు దిద్దుకుంది. మార్క్ జింగియర్ మొదలుపెట్టిన ఎండీ డ్రైవరుకు ఇంగో మోల్నార్, మిగెల్ దె ఇకాసా, గాడి ఆక్స్‌మన్ అద్దం పద్ధతిని చేర్చారు. 2001లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్‌వేల్స్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నీల్ బ్రౌన్ ఎండీఏడీఎమ్ అనే పనిముట్టు రాసి, అంతకు ముందున్న గజిబిజి పనిముట్లను మరుగున పడేశారు. ఇప్పటికీ సాఫ్ట్‌వేర్ రైడ్‌తో నడిచే జంట డిస్కుల లినక్స్ సర్వర్లలో చాలావరకు ఆ పనిముట్టే ఉంటుంది. ప్రత్యేకమైన కార్డు కొనక్కర్లేదు, మామూలు డిస్కులు రెండు ఉంటే చాలు. తక్కువ డబ్బుతో నడిచే జిల్లా ఊళ్ల కార్యాలయాలకు, కాలేజీలకు అది పెద్ద వరమే అయింది.

ఇక లేపడం మాట. లిలోను చూసుకుంటున్న జాన్ కాఫ్‌మన్ జంట డిస్కుల కోసం ఒక ఏర్పాటు చేర్చారు. దాన్ని వాడితే జతలోని అన్ని డిస్కుల తలల్లోకీ లిలో వెళ్లేది. ఈలోగా ఇంకో బూట్‌లోడర్ ముందుకొచ్చింది. 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన గ్రబ్ తర్వాత గ్నూ ప్రాజెక్టులో చేరింది. దానికి ఫైళ్లు చదవడం వచ్చు. అంకెల జాబితా అక్కర్లేదు, ఫైలు పేరు చెబితే వెతుక్కుంటుంది. రైడ్ అంటే మాత్రం దానికి బొత్తిగా తెలియదు.

అయినా పాత గ్రబ్ జంట డిస్కుల మీద నడిచేది, దానికి కారణం చిత్రంగా ఉంటుంది. ఎండీ డ్రైవరు తన గుర్తింపు సమాచారాన్ని, అంటే ఈ ముక్క ఏ జతకు చెందింది, ఎన్నోది అన్న వివరాలను, అప్పట్లో పార్టిషన్ చివర రాసేది. 0.90 అనే ఆ పాత పద్ధతిలో పార్టిషన్ మొదలు మామూలు పార్టిషన్ లాగే కనిపిస్తుంది. గ్రబ్ జతలోని ఒక ముక్కను చూసి, ఇదేదో ఒంటరి పార్టిషన్ అనుకుని, కెర్నెల్‌ను చదివేసేది. రెండు ముక్కల్లోనూ ఒకటే సరుకు కాబట్టి ఆ పొరపాటు వల్ల ఏ నష్టమూ జరిగేది కాదు. రైడ్ తెలియకపోవడమే దాన్ని బతికించింది.

తంటా రెండో డిస్కుకు గ్రబ్ పెట్టడంలో వచ్చేది. గ్రబ్ డిస్కులను వరుస సంఖ్యతో పిలుస్తుంది: సున్నా, ఒకటి. రెండో డిస్కులోకి మామూలుగా గ్రబ్ పెడితే అది ‘ఒకటో నంబరు డిస్కులో నా మిగతా భాగం ఉంది’ అని రాసుకుంటుంది. మొదటి డిస్కు చచ్చి, దాన్ని ఊడదీశాక, బయోస్ మిగిలిన డిస్కుకే సున్నా నంబరు ఇస్తుంది. ఒకటో నంబరు అనేదే ఉండదు. గ్రబ్, అక్కడ లేని ఆ డిస్కును వెతుక్కుంటూ, చతికిలబడుతుంది. దీనికి అనుభవజ్ఞులు కనిపెట్టిన ఉపాయం, గ్రబ్‌తో అబద్ధం చెప్పడం. గ్రబ్ సొంత కమాండ్ లైనులోకి వెళ్లి, రెండో డిస్కునే సున్నా నంబరుగా ప్రకటించి, అప్పుడు దాని తలలోకి గ్రబ్‌ను పంపాలి. మొదటి డిస్కు పోయిన రోజున ఆ అబద్ధమే నిజమవుతుంది. 2000 నుంచి 2010 దాకా లినక్స్ సర్వర్లు చూసుకున్నవాళ్లలో ఈ మూడు లైన్లను కాగితం మీద రాసుకుని సర్వరు పక్కన అంటించుకున్నవాళ్లు ఉంటారు.

2010 ప్రాంతంలో ఈ సర్దుబాటు చెదిరింది. ఎండీఏడీఎమ్ కొత్త వెర్షన్లు 1.2 అనే పద్ధతిని అలవాటుగా చేసుకున్నాయి. ఇందులో గుర్తింపు సమాచారం పార్టిషన్ చివర ఉండదు, మొదలు నుంచి 4 కిలోబైట్ల దూరంలో ఉంటుంది. అసలు డేటా ఇంకా వెనక్కి జరుగుతుంది. సాంకేతికంగా ఇది మెరుగైన పద్ధతి. రైడ్ సంగతి తెలియని ప్రోగ్రాము ఏదైనా పొరపాటున జతలోని ఒక ముక్కను ఒంటరి పార్టిషన్ అనుకుని అందులో రాసేసే ప్రమాదం తప్పుతుంది. కానీ పాత గ్రబ్ బతికింది ఆ పొరపాటు మీదే. కొత్త జత మీద దానికి కెర్నెల్ కనపడలేదు. అన్నీ పద్ధతి ప్రకారం చేశాం కదా, ఎందుకు లేవడం లేదని తలలు పట్టుకున్నవాళ్లకు జవాబు ఈ 4 కిలోబైట్లలో ఉంది. చాలామంది బూట్ కోసం ఒక చిన్న పార్టిషన్‌ను విడిగా పాత పద్ధతిలోనో, గుర్తింపు చివరే ఉండే 1.0 పద్ధతిలోనో జతకట్టి గట్టెక్కారు.

గ్రబ్ 2 వచ్చాక కథ ఇంకో మలుపు తిరిగింది. 2009 అక్టోబరులో ఉబుంటు 9.10, 2011 ఫిబ్రవరిలో డెబియన్ 6 దాన్ని ప్రామాణికంగా తీసుకున్నాయి. దీనికి రైడ్ తెలుసు, పాత పద్ధతీ కొత్త పద్ధతీ రెండూ చదవగలదు, డిస్కు నంబరుకు బదులు జతకు ఉన్న విశిష్ట గుర్తింపు సంఖ్యతో వెతుక్కుంటుంది. తెలివి పెరిగిన కొద్దీ ఒళ్లు కూడా పెరిగింది. గ్రబ్ 2 తన మూల భాగాన్ని మొదటి సెక్టారుకూ మొదటి పార్టిషన్‌కూ మధ్య ఉన్న ఖాళీలో దాచుకుంటుంది. పాత డిస్కుల్లో మొదటి పార్టిషన్ 63వ సెక్టారు దగ్గర మొదలయ్యేది. అంటే ఖాళీ 62 సెక్టార్లు, 31 కిలోబైట్లు. రైడ్, దాని మీద ఎల్‌వీఎమ్, వాటికి తగ్గ ఫైల్ సిస్టమ్ మాడ్యూళ్లు అన్నీ కలిస్తే గ్రబ్ అందులో పట్టదు. ‘చోటు మరీ చిన్నది’ అని ఇన్‌స్టాలేషన్ అక్కడే ఆగిపోతుంది. తర్వాతి కాలపు పనిముట్లు మొదటి పార్టిషన్‌ను 2048వ సెక్టారు దగ్గర, అంటే ఒక మెగాబైట్ వదిలి మొదలుపెడుతున్నాయి కాబట్టి కొత్త డిస్కులకు ఈ బాధ లేదు.

డిస్కులు 2 టెరాబైట్లు దాటాక పాత పట్టిక పనికిరాక జీపీటీ అనే కొత్త పట్టిక వచ్చింది. అందులో ఆ ఖాళీ మీద భరోసా లేదు. బయోస్ యంత్రంలో జీపీటీ డిస్కు మీద గ్రబ్ పెట్టాలంటే, దానికోసమే ఒక మెగాబైట్ పాటి చిన్న పార్టిషన్ చేసి, దానికి బయోస్ బూట్ అనే గుర్తు వేయాలి. రెండు డిస్కుల్లోనూ వేయాలి. దాన్ని జతకట్టకూడదు, ఏ ఫైల్ సిస్టమూ పెట్టకూడదు. ఈ ఒక్క ముక్క తెలియక రోజంతా కొట్టుకున్నవాళ్లు ఎందరో.

ఇంతవరకూ కొత్తగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే చిక్కులు. మోసపూరితమైనది ఇంకొకటి ఉంది. సర్వరు నడుస్తుండగా మొదటి డిస్కు చెడిపోతుంది. రెండోదానితో పని సాగుతూనే ఉంటుంది. కొత్త డిస్కు తెచ్చి, పార్టిషన్లు చేసి, జతలో కలుపుతారు. కొన్ని గంటల్లో డేటా అంతా కొత్తదానిలోకి వచ్చేస్తుంది, తెర మీద రెండు ‘యు’లు మళ్లీ కనిపిస్తాయి. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ కొత్త డిస్కు తల ఖాళీ. గ్రబ్‌ను దానిలోకి పంపాలని జత చెప్పదు, చెప్పడం దాని పని కాదు. ఏడాది తర్వాతో, తుపాను రాత్రి కరెంటు పోయి వచ్చాకో యంత్రాన్ని మళ్లీ లేపినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది. చాలామంది ఇన్‌స్టాలేషన్ తప్పు అనుకునేది నిజానికి ఇలాంటి పాత మరమ్మతు తాలూకు తప్పే.

బాగుచేసే తీరు మాత్రం ఇన్నేళ్లలో పెద్దగా మారలేదు. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ లినక్స్‌ను నడపాలి. ఎండీఏడీఎమ్‌తో జతను కూర్చాలి. ఆ జతను మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ డైరెక్టరీలను అందులోకి కలిపి, క్రూట్‌తో దాని లోపలికి వెళ్లాలి. అక్కడినుంచి గ్రబ్‌ను ఒక్కో డిస్కు పేరూ చెప్పి విడివిడిగా పెట్టాలి. డిస్కు పేరు చెప్పాలి, పార్టిషన్ పేరు కాదు. చాలా ప్రయత్నాలు చెడేది ఇక్కడే. జతను కొత్తగా సృష్టించి ఉంటే దాని గుర్తింపు సంఖ్య మారిపోతుంది, కాబట్టి ఎండీఏడీఎమ్ కాన్ఫిగ్ ఫైలు సరిచేసి, తొలిదశలో నడిచే ఇనిట్‌ర్యామ్ ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారుచేయాలి. లేకపోతే గ్రబ్ లేచినా, కెర్నెల్ వచ్చినా, జత దొరకక అక్కడ ఆగుతుంది. ఒంటి డిస్కుతో లేవడానికి ఒప్పుకోవాలా వద్దా అన్నది కూడా కొంతకాలం నలిగిన వివాదమే. 2008లో వచ్చిన ఉబుంటు 8.10 ఆ నిర్ణయాన్ని ఇన్‌స్టాల్ చేసేవాళ్లకే వదిలి, ముందే అడగడం మొదలుపెట్టింది.

తెలుగువాళ్లు ఈ చరిత్రలోకి వచ్చింది అనువాదం గుండా. 2005లో హైదరాబాద్‌లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్‌ను తయారుచేసి కాలేజీ విద్యార్థుల్లోకి తీసుకెళ్లింది. 2011 ఫిబ్రవరి 6న విడుదలైన డెబియన్ 6లో గ్రాఫికల్ ఇన్‌స్టాలరు తెలుగు నేర్చుకుంది. కన్నడ, సింహళం, లావో భాషలకూ అదే విడుదలలో ఆ చోటు దక్కింది. డిస్కును ముక్కలు చేయడం, జతకట్టడం, గ్రబ్ ఎక్కడ పెట్టాలో అడగడం, ఈ ప్రశ్నలన్నీ తెలుగులో చదవగలిగే రోజు వచ్చింది. జీతం లేకుండా కూర్చుని ఒక్కో వాక్యం తెలుగు చేసినవాళ్ల శ్రమ అది, దానికి దక్కిన గుర్తింపు చాలా తక్కువ. గ్రాఫికల్ ఇన్‌స్టాలరుకే పరిమితం కావడానికి కారణం ఒత్తులు, గుణింతాలు. ఉత్త అక్షరాల తెర మీద అవి కుదురుగా కూర్చోవు. ఇక గ్రబ్ ఏదైనా తప్పుపడితే కనిపించే రెస్క్యూ తెర నేటికీ ఇంగ్లీషే. సాయం ఎక్కువ అవసరమైన క్షణంలో తెలుగు లేదు.

ఇప్పటి యంత్రాల్లో బయోస్ స్థానాన్ని యూఈఎఫ్‌ఐ ఆక్రమించింది. ఇంటెల్ ఇటానియం ప్రాసెసర్ల కోసం మొదలుపెట్టిన ఈ పద్ధతిని 2005 నుంచి కంపెనీల ఉమ్మడి వేదిక ఒకటి చూసుకుంటోంది. ఇందులో 446 బైట్ల ఇరుకు లేదు. ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఉన్న ఒక పార్టిషన్‌లో బూట్‌లోడర్ మామూలు ఫైలుగా ఉంటుంది. నలభై ఏళ్ల బాధ తీరిపోయిందనిపిస్తుంది. తీరలేదు. ఆ పార్టిషన్‌ను చదివే ఫర్మ్‌వేర్‌కు లినక్స్ రైడ్ తెలియదు. కొందరు దాన్ని కూడా 1.0 పద్ధతిలో జతకట్టి, గుర్తింపు చివర ఉంటుంది కాబట్టి ఫర్మ్‌వేర్‌కు మామూలు ఫ్యాట్ లాగే కనిపించేలా చేస్తారు. పాత గ్రబ్ నాటి కిటుకే ఇది. అయితే ఫర్మ్‌వేర్ స్వయంగా ఆ పార్టిషన్‌లో ఏదైనా రాస్తే ఒక ముక్కలోనే రాస్తుంది, రెండు ముక్కలూ వేరైపోతాయి, ఏది సరైనదో జతకు తెలియదు. అంతకన్నా మంచి దారి రెండు డిస్కుల్లో రెండు వేర్వేరు పార్టిషన్లు పెట్టి, గ్రబ్ మారిన ప్రతిసారీ రెండింటిలోనూ రాయించడం, ఫర్మ్‌వేర్ బూట్ జాబితాలో రెండు పేర్లూ నమోదు చేయడం. 2020లో వచ్చిన ఉబుంటు 20.04 ఈ పనిని తనంత తానుగా చేయడం మొదలుపెట్టింది. బర్క్‌లీ నివేదిక వచ్చిన ముప్పై రెండేళ్లకు.

ఈ గొడవంతా డేటా సెంటర్ల వాళ్లది అనుకోవడానికి లేదు. గుడివాడ నుంచి బందరు వచ్చే రైలు చివరి స్టేషనుకు ముందు ఆగే చిలకలపూడి, పాండురంగడి గుడికి ఎంత పేరో రోల్డ్‌గోల్డ్ నగలకూ అంత పేరున్న ఊరు. ఆ నగలు కొనేవాళ్లు దేశమంతటా ఉన్నారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక బిల్లులు, లెక్కలు కంప్యూటరులోకి మారాయి. సీజీఎస్టీ చట్టం 36వ సెక్షన్ వాటిని వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రంగా ఉంచాలంటోంది. ఆరేళ్లు ఒక డిస్కు ఆగకుండా పనిచేయడం అదృష్టం మీద ఆధారపడిన విషయం. జంట డిస్కులు పెట్టుకున్న వ్యాపారి జాగ్రత్తపరుడే. ఆ జంటలో రెండోది ఒంటరిగా లేస్తుందా అని చూసుకున్నవాళ్లు ఎందరు? పొరపాటున చెరిపేసిన ఫైలు రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది కాబట్టి, విడిగా ఇంకో చోట బ్యాకప్ ఉండాల్సిందేనన్నది వేరే సంగతి.

బ్యాంకులకు ఇలాంటి పరీక్ష తప్పనిసరి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబరులో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు లెడ్జరు పుస్తకాలతో మొదలై, కంప్యూటర్ల కాలం చూసి, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఇవాళ అలాంటి బ్యాంకులన్నిటికీ రిజర్వు బ్యాంకు నియమం ఉంది: 2023 నవంబరులో జారీచేసిన ఆదేశాల ప్రకారం కీలకమైన వ్యవస్థలను కనీసం ఆరు నెలలకోసారి ప్రత్యామ్నాయ కేంద్రం నుంచి నడిపి చూడాలి. నకలు ఉందని కాగితం మీద రాసి చూపితే సరిపోదు. ఒక దుకాణానికి, ఒక నర్సింగ్ హోముకి, ఒక పాఠశాలకి అలా అడిగే పెద్దదిక్కు లేదు.

అడగగలిగినవాళ్లు ఈ జిల్లాలోనే ఉన్నారు. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం బందరులో ఉంది, 1998 నాటి ఇంజనీరింగ్ కళాశాల గుడ్లవల్లేరులో ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో బూట్ ప్రక్రియ ఒక బొమ్మతో అయిపోతుంది. దాని బదులు పాత డిస్కులు రెండు ఇచ్చి, జతకట్టించి, లినక్స్ పెట్టించి, ఆ తర్వాత మొదటి డిస్కు కేబులు పీకేసి యంత్రాన్ని లేపమనండి. లేవకపోతే లేచేదాకా బాగుచేయించండి, చేసిన పనిని తెలుగులో రాయించండి. ఇప్పటికే జంట డిస్కుల సర్వరు నడుపుతున్నవాళ్లకూ అదే విన్నపం. ముందు బ్యాకప్ తీసుకుని, పని లేని ఒక ఆదివారం యంత్రాన్ని ఆపి, ఒక్కో డిస్కునూ విడిగా పెట్టి లేపి చూసుకోండి. తిరిగి కలిపేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటిగా కలపండి, మొదటిది పూర్తిగా సర్దుకున్నాకే రెండోదాన్ని తీయండి. తుపానుల కాలం అక్టోబరులో మొదలవుతుంది. ఈ పని సెప్టెంబరులోపు పూర్తి చేసుకోవడం మంచిది.